గుత్త నుంచి గుడుంబా దాకా: నాంపల్లి పరిసరాల మద్యనిషేధ చరిత్ర

హైదరాబాదులో మద్యం గురించి చట్టాలు చేసే సభ, ఆ చట్టాలను అమలు జరిపే శాఖ, వాటిని ఉల్లంఘించినవారిని విచారించే న్యాయస్థానం, ఆ ఉల్లంఘనే బతుకుదెరువుగా కొన్ని తరాలు గడిచిన పేట, ఇవన్నీ కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే ఉన్నాయి. శాసనసభ భవనం బాగే ఆమ్‌ను ఆనుకొని ఉంది. ఎక్సైజు శాఖ ప్రధాన కార్యాలయమైన ఆబ్కారీ భవన్ నాంపల్లిలో ముకర్రంజాహీ రోడ్డు మీద ఉంది. నాంపల్లి క్రిమినల్ కోర్టులు అక్కడికి దగ్గరే. మొజంజాహీ మార్కెట్ దాటి గోషామహల్, మంగళ్‌హాట్‌ల మీదుగా సాగితే ధూల్‌పేట వస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ యూదు పెట్టిన దుకాణం వల్ల పేరు వచ్చిన అబిడ్స్, ఈ ప్రాంతానికి బజారు ముఖం. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటా సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చినప్పుడు దొంగసారా వ్యాపారం ఎలా విస్తరించిందో, 1997లో నిషేధాన్ని ఎత్తివేశాక కూడా అది ఎందుకు అంతరించలేదో తెలుసుకోవడానికి ఇంతకన్న అనువైన చోటు తెలుగు నేలమీద కనిపించదు.

మద్యనిషేధం వల్ల వ్యవస్థీకృత నేరం, అంటే పెట్టుబడి, పని విభజన, అధికారుల అండ కలిగి ఒక వ్యాపారంలాగా నడిచే నేరం, పుడుతుందన్న అభిప్రాయానికి అమెరికా అనుభవమే ప్రధాన ఆధారం. 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా అక్కడ అమలైన నిషేధం షికాగోలో ఆల్ కపోన్ ముఠాకు అంతకుముందు ఊహకందని ఆదాయం తెచ్చిపెట్టింది. భారతదేశంలో దీనికి బొంబాయిని ఉదాహరణగా చూపుతారు. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం నీడలో వరదరాజ ముదలియార్ వంటివారు దొంగసారాతో మొదలై నగరంలోని చీకటి వ్యాపారాలను శాసించే స్థాయికి చేరారు. ఈ నమూనాను హైదరాబాదుకు యథాతథంగా వర్తింపజేయడం మాత్రం కుదరదు. ఇక్కడ సారా వ్యాపారాన్ని ముఠాలుగా కూడగట్టింది నిషేధం ఒక్కటే కాదు. దానికి చాలాకాలం ముందే ప్రభుత్వం స్వయంగా నడిపిన గుత్త పద్ధతి ఆ పని చేసిపెట్టింది. నిషేధం ఆ యంత్రాంగం మీద నుంచి లైసెన్సును, సుంకాన్ని తొలగించిందే తప్ప, యంత్రాంగాన్ని తొలగించలేదు.

ఆబ్కారీ అంటే మత్తు పానీయాల తయారీ, అమ్మకాల మీద ప్రభుత్వానికి ఉండే హక్కు, ఆ హక్కు మీద వచ్చే రాబడి. నిజాం రాజ్యంలో ఈ హక్కును ఒక ప్రాంతానికి, ఒక గడువుకు, ఎక్కువ పాట పాడిన గుత్తేదారుకు ఇచ్చేవారు. అతన్నే ముస్తాజరు అని కూడా పిలిచేవారు. మొదటి సాలార్‌జంగ్ భూమిశిస్తు వసూలును గుత్తేదారుల చేతుల నుంచి తప్పించి ప్రభుత్వోద్యోగులకు అప్పగించినా, ఆబ్కారీలో గుత్త పద్ధతి ఆ తరువాతా నిలిచింది. ఈత చెట్టు నుంచి తీసే సేంది, తాటికల్లు, ఇప్పపూవుతో కాచే సారా, అన్నీ దీని కిందికే వచ్చేవి. 1316 ఫసలీలో, అంటే 1907 ప్రాంతంలో, వచ్చిన హైదరాబాదు ఆబ్కారీ చట్టం ఈ వ్యవహారాన్ని ఒక శాసనం కిందికి తెచ్చింది. చెట్టు ఎక్కి గీసేవాడు ఒకడు, చెట్టు మీద హక్కు మరొకడిది కావడం వల్ల గీత కార్మికుడు తాను తీసిన కల్లునే గుత్తేదారు చెప్పిన ధరకు అప్పగించవలసి వచ్చేది. బొమ్మగాని ధర్మభిక్షం తెలంగాణలో గీత కార్మికులను సంఘాలుగా కూడగట్టి చేసిన పోరాటానికి మూలం ఈ అన్యాయమే, ఆ పోరాటం ఫలితంగానే తరువాతి కాలంలో గీత సహకార సంఘాలకు చోటు దొరికింది. గుత్తేదారు తన ప్రాంతంలో ఇంకెవరూ కాయకుండా, గీయకుండా చూసుకోవడానికి సొంత మనుషులను పెట్టుకొనేవాడన్నది గమనించవలసిన విషయం. సారా చుట్టూ కర్రపట్టే మనుషులు చేరడం చట్టబద్ధమైన వ్యాపారం లోపలే మొదలైంది.

అదే కాలంలో కోస్తా, రాయలసీమ జిల్లాల చరిత్ర వేరు దారిన నడిచింది. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో నిషేధం ప్రారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసింది; యుద్ధకాలంలో సడలిన నిషేధం 1948 నాటికి ప్రెసిడెన్సీ అంతటా అమలులోకి వచ్చింది. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం ఈ నిషేధాన్ని వారసత్వంగా పొందింది. దాని ఫలితాలను పరిశీలించిన రామమూర్తి సంఘం నిషేధాన్ని ఎత్తివేయాలని సిఫారసు చేయగా, ఆ వివాదంలోనే టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తెలుగు రాజకీయాల్లో సారా ఒక ప్రభుత్వాన్ని దించడం అదే మొదటిసారి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఒకే రాష్ట్రంలో ఆంధ్ర ప్రాంతమంతా నిషేధం, తెలంగాణలో ఆబ్కారీ దుకాణాలు అనే విచిత్రమైన స్థితి ఏర్పడింది. తెలంగాణలో మద్యనిషేధం ఎలా ఉండాలన్నది ఆ ప్రాంత శాసనసభ్యులే నిర్ణయిస్తారని విలీనానికి ముందు రెండు ప్రాంతాల నాయకులు చేసుకొన్న పెద్దమనుషుల ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకొన్నారు. తెలంగాణ రాబడిలో ఆబ్కారీ వాటా పెద్దది కావడం వల్ల, ఆ డబ్బు ఎక్కడ ఖర్చవుతోందన్న ప్రశ్న 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమకాలపు మిగులు నిధుల వివాదంలోనూ వినిపించింది. 1968 ఎక్సైజు చట్టం రెండు ప్రాంతాలకూ ఒకే ఏర్పాటు తెచ్చింది; ఆంధ్ర జిల్లాల్లో సారా దుకాణాలు తిరిగి తెరుచుకున్నాయి.

ఆ తరువాతి పాతికేళ్లే ఈ చరిత్రకు గుండెకాయ. ఏటా జరిగే వేలంపాటలో ఒక్కో కాంట్రాక్టరు ఊళ్ల గుంపును ఒక యూనిట్‌గా పాడుకొని, ప్రభుత్వానికి కట్టవలసిన మొత్తాన్ని పై లాభంతో సహా రాబట్టుకోవడానికి ప్రతి ఊళ్లో అమ్మకం పెంచక తప్పని స్థితిలో ఉండేవాడు. రాష్ట్రానికి ఎక్సైజు మీద వచ్చే ఆదాయం 1970–71లో 39 కోట్ల రూపాయలు కాగా, 1991–92 నాటికి అది 812 కోట్లు దాటింది. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో ప్లాస్టిక్ సంచుల్లో ప్రభుత్వ సారాను సరఫరా చేసే పద్ధతి తెచ్చినప్పుడు కల్తీని అరికట్టడమే లక్ష్యమని చెప్పినా, చిన్న సంచీలో ఇమిడే సారా ఇంటి గుమ్మం దాకా వెళ్లడం దాని వాస్తవ ఫలితం. పాటకు ముందే కాంట్రాక్టర్లు కూడబలుక్కొని ఎవరు ఎక్కడ పాడాలో పంచుకోవడం, లైసెన్సు ఒకరి పేర, పెట్టుబడి మరొకరిది కావడం, ఎక్సైజు సిబ్బందికి నెలవారీ మామూళ్లు ముట్టజెప్పడం, ప్రత్యర్థి సరుకును పట్టించడానికి సొంత దళాలను నడపడం ఈ కాలంలో రివాజుగా మారాయి. సిండికేటు అన్న మాట తెలుగు పత్రికల్లో సారా కాంట్రాక్టర్ల కూటమికి స్థిరపడిపోయింది.

దొంగసారా నిషేధంతో పుట్టలేదనడానికి ఆ కాలపు చట్టమే సాక్ష్యం. 1986లో వచ్చిన ప్రమాదకర కార్యకలాపాల నివారణ చట్టం, జనం నోట పీడీ యాక్టు, విచారణ లేకుండా ఏడాది వరకు నిర్బంధించడానికి వీలు కల్పిస్తూ, తన పేరులోనే దొంగసారా వ్యాపారులను బందిపోట్లు, మాదకద్రవ్య నేరస్థులు, గూండాల కన్నా ముందు పేర్కొంటుంది. అప్పటికి రాష్ట్రంలో నిషేధం లేదు. ప్రభుత్వమే సారా అమ్ముతోంది. ప్రభుత్వ సారా ధరలో సుంకం, కాంట్రాక్టరు పాట మొత్తం, అతని లాభం కలిసి ఉన్నంతకాలం వాటిని ఎగ్గొట్టి తక్కువ ధరకు అమ్మేవాడికి బేరం ఉంటుంది. ధూల్‌పేటలో గుడుంబా అనే నాటుసారా ఆ ధరల తేడా మీదే పెరిగింది.

గుడుంబా తయారీకి పెద్ద యంత్రాలు అవసరం లేకపోవడం దాని బలం. నల్లబెల్లాన్ని నీటిలో నానబెట్టి, నవాసారం, పటిక వంటివి కలిపి, కొన్నాళ్లు పులియనిస్తే తయారయ్యే ద్రవాన్ని బెల్లం ఊట అంటారు. దాన్ని కాచి ఆవిరిని చల్లబరచి పట్టుకొంటే గుడుంబా దిగుతుంది. త్వరగా పులియడం కోసం కలిపే రసాయనాల వల్ల, మొదట దిగే విషపు భాగాన్ని వేరు చేయకపోవడం వల్ల కాలేయం, కళ్లు దెబ్బతినడం తాగేవారికి తెలిసిన ప్రమాదమే. ఉత్తరాది నుంచి తరాల కిందట వలస వచ్చిన లోధా కుటుంబాలు ఎక్కువగా నివసించే ధూల్‌పేట, వినాయక విగ్రహాలకు, పతంగులకు కూడా నగరమంతటా పేరుపొందిన చోటు. కాని విగ్రహాల పని, పతంగుల పని ఏడాదిలో కొద్ది నెలలే ఉంటాయి, మిగిలిన నెలల్లో ఇల్లు గడవడానికి గుడుంబా దారి చూపింది. ఒక కులాన్ని నేరస్థ కులంగా చిత్రించే అలవాటు పోలీసు రికార్డుల్లోనూ, పత్రికల్లోనూ బలంగా ఉన్నందువల్ల ఈ విషయాన్ని గట్టిగా చెప్పవలసి ఉంది: ఊట పెట్టిన ఇల్లు ఈ గొలుసులో అన్నిటికన్న తక్కువ లాభం, అన్నిటికన్న ఎక్కువ ప్రమాదం ఉన్న లంకె. బెల్లం తినే వస్తువు కనుక దాన్ని అమ్మడం నేరం కాదు, సారా కాయడానికే అని రుజువైతేనే నేరమవుతుంది. అందువల్ల టోకున బెల్లం సరఫరా చేసిన వ్యాపారి మీద కేసు నిలవడం అరుదు, కుండ దగ్గర దొరికిన మనిషి మీద నిలవకపోవడం అరుదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేకోద్యమం ఈ వ్యవస్థనంతటినీ కుదిపింది. అక్షరాస్యతా కార్యక్రమంలో కలుసుకొన్న స్త్రీలు, రోసమ్మ వంటివారి చొరవతో సారా దుకాణాన్ని మూయించడం, ఆ వార్త ఊరి నుంచి ఊరికి పాకడం, జిల్లా కేంద్రంలో వేలంపాటలు జరగకుండా ఆపడం తెలుగు సమాజ చరిత్రలో గొప్ప ఘట్టాలు. ఆ స్త్రీలు తాగుబోతు భర్తలతో ఎంత పోరాడారో, వేలంపాటతోనూ అంతే పోరాడారు. ప్రభుత్వ రాబడికి, కాంట్రాక్టరు లాభానికి తమ కూలి డబ్బు మూలమని వారు కనిపెట్టారు. అంతకుముందే తెలంగాణ జిల్లాల్లో నక్సలైటు పార్టీ పీపుల్స్ వార్ సారా అమ్మకాన్ని నిషేధించగా, దుకాణాలు తెరిపించి అమ్మకం సాగించడానికి పోలీసులను వాడిన తీరు రాజ్యానికి సారా ఎంత అవసరమో చాటింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది.

1994 ఎన్నికల్లో 294 స్థానాలకు 216 గెలిచిన తెలుగుదేశం సంపూర్ణ మద్యనిషేధాన్ని వాగ్దానం చేసింది. డిసెంబరు 12న అబిడ్స్‌కు కూతవేటు దూరంలోని లాల్‌బహదూర్ స్టేడియంలో ప్రమాణస్వీకారం చేసిన వెంటనే రామారావు నిషేధం దస్త్రం మీద సంతకం చేశారు. వారుణి వాహిని నాటి ముఖ్యమంత్రి, అబిడ్స్‌లోని నివాసం నుంచే ఆనాటి పాలన సాగించిన నాయకుడు, పదేళ్లు తిరగకుండానే దానికి పూర్తిగా వ్యతిరేకమైన విధానానికి రావడంలో ఎన్నికల లెక్కలు ఉన్నాయనడం నిజమే అయినా, స్త్రీల ఉద్యమం ఆయనను ఆ స్థితికి తెచ్చిందనడం ఇంకా నిజం. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. ఆ ఏటి 17వ చట్టమైన ఆంధ్రప్రదేశ్ మద్యనిషేధ చట్టం మద్యం అమ్మకాన్నే కాక కొనడం, దగ్గర ఉంచుకోవడం, తాగడం కూడా నేరంగా ప్రకటించింది.

ఇక్కడ పాత యంత్రాంగం కొత్త పనికి ఎలా మళ్లిందో చూడాలి. కాంట్రాక్టరు చేతిలో అప్పటికే లారీలు, గోదాములు, ఊరూరా అమ్మే మనుషులు, ఎక్సైజు సిబ్బందితో ఏళ్ల నాటి పరిచయాలు ఉన్నాయి. రాష్ట్రానికి చుట్టూ మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు, ఒరిస్సాలు ఉండగా, గోదావరి డెల్టా నడుమ పుదుచ్చేరికి చెందిన యానాం ఉండగా, సరిహద్దులు దాటించడం కష్టమైన పని కాలేదు. హైదరాబాదుకు బీదరు దగ్గర. నాంపల్లి స్టేషన్ నుంచి బొంబాయి వైపు వెళ్లే రైలు మార్గం కర్ణాటకలోని వాడి మీదుగానే పోతుంది. సుంకం కట్టకుండా వచ్చే ఈ సీసాల మద్యాన్ని ఎక్సైజు భాషలో ఎన్‌డీపీఎల్ అంటారు. డబ్బున్నవాడికి ఈ సీసా ఎక్కువ ధరకు ఇంటికే చేరేది, అనారోగ్య కారణాలు వంటి వాటి మీద పర్మిటు పొందే దారి కూడా అతనికి ఉండేది. డబ్బు లేనివాడికి ప్రభుత్వ సారా పోయాక గుడుంబా ఒక్కటే మిగిలింది. ధూల్‌పేటలో కాచిన సరుకు రబ్బరు ట్యూబుల్లో, పాలిథిన్ సంచుల్లో నగరపు బస్తీలకు వెళ్లేది. బెల్లం తెచ్చేవాడు, కాచేవాడు, మోసేవాడు, అమ్మేవాడు, దాడి వస్తుందని ముందే చెప్పేవాడు వేర్వేరు మనుషులు కావడం వల్ల ఒకరు పట్టుబడితే మిగిలినవారి పని ఆగలేదు. నాంపల్లి కోర్టులకు వచ్చినవారిలో అమ్మేవారు, మోసేవారు ఎక్కువగా కనిపించడానికి, పెట్టుబడి పెట్టినవారు దాదాపు కనిపించకపోవడానికి కారణం ఈ పని విభజనే.

షికాగోతో పోలిక ఇక్కడే తెగిపోతుంది. ఇక్కడ నగరాన్ని శాసించే ఒక్క ముఠా నాయకుడు తలెత్తలేదు, వీధుల్లో తుపాకుల యుద్ధాలు జరగలేదు. రెండేళ్లకు కొంచెం మించిన కాలం అటువంటి సామ్రాజ్యానికి చాలదన్నది ఒక కారణం. అంతకన్న బలమైన కారణం, హైదరాబాదులో సారా సొమ్ముకు రాజకీయాల్లోకి, భూముల్లోకి, సినిమాల్లోకి తెరిచిన దారులు నిషేధానికి ముందే ఉండటం. చట్టానికి బయట ఒక సొంత రాజ్యం కట్టుకోవలసిన అవసరం ఆ సొమ్ముకు రాలేదు.

1995 సెప్టెంబరులో అధికారంలోకి వచ్చిన చంద్రబాబునాయుడు ప్రభుత్వం, ఖజానా లోటును, దొంగసారా విస్తరణను కారణాలుగా చూపింది. కిలో 2 రూపాయల బియ్యం ధరను మూడున్నర రూపాయలకు పెంచి, పర్మిట్ల రూపంలో కొంత సడలించి, చివరకు 1997లో చట్టసవరణతో నిషేధాన్ని ఎత్తివేసింది. ఎత్తివేసినది ఏమిటన్నది మాత్రం జాగ్రత్తగా చూడవలసిన విషయం. విస్కీ, బ్రాందీ, రమ్ము వంటి విదేశీ తరహా మద్యం, బీరు తిరిగి వచ్చాయి, సారా రాలేదు. అంటే 1995 చట్టం రద్దు కాలేదు, సారాకు పరిమితమై బతికే ఉంది. గుడుంబా కేసుల ఎఫ్ఐఆర్‌లలో ఆ చట్టంలోని 7(ఎ), 8(ఇ) సెక్షన్లు ఏళ్ల తరబడి కనిపించడం ఇందువల్లే. అబిడ్స్ బజారులో బార్లు తెరుచుకున్న రోజున కూడా ధూల్‌పేటకు నిషేధం ముగియలేదు. కూలి చేసుకొనేవాడు కొనగలిగిన చవక పానీయం నేరంగానే మిగిలి, నెలజీతం ఉన్నవాడి పానీయం ఆదాయ వనరుగా మారిన ఈ చీలిక, సారాను తొలగించాలని కోరిన స్త్రీల ఉద్యమం పేరుతోనే సాగడం ఆ ఉద్యమానికి జరిగిన తీరని అన్యాయం. వారు కోరినది తాగుడు తగ్గడం, వారికి దక్కినది వీధి చివర వైన్ షాపు, దాని వెనుక లైసెన్సు లేని బెల్టు షాపు.

పైస్థాయిలో సిండికేటు తిరిగి చట్టం లోపలికి వచ్చింది. మద్యం దుకాణాలకు వేలంపాటలు మొదలయ్యాక బినామీ లైసెన్సులు, గరిష్ఠ చిల్లర ధరకు మించి అమ్మకం, మామూళ్ల పద్దులు 1980ల నాటి రూపంలోనే తలెత్తాయి. 2011 చివర నుంచి అవినీతి నిరోధక శాఖ రాష్ట్రవ్యాప్తంగా చేసిన దాడుల్లో దొరికిన చిట్టాల్లో అధికారుల, రాజకీయ నాయకుల పేర్లు ఉన్నాయన్న వార్తలు ప్రభుత్వాన్ని ఇరకాటంలో పెట్టగా, 2012లో వేలంపాటకు బదులు స్థిరమైన లైసెన్సు రుసుముతో లాటరీ పద్ధతి వచ్చింది.

కిందిస్థాయిలో పాక్షిక నిషేధం మరొకసారి జరిగింది. 2004 తరువాత హైదరాబాదు నగరంలో కల్లు దుకాణాలను మూసివేశారు. కల్లులో మత్తు మందుల కల్తీ నిజమైన సమస్యే అయినప్పటికీ, దుకాణాలు లేని కాలంలో పేద బస్తీల్లో చట్టబద్ధమైన చవక పానీయం ఏదీ లేకుండా పోయింది. 2014లో కొత్తగా ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం వాటిని తిరిగి తెరిపించింది. 2015లో చవక మద్యం ప్రవేశపెట్టి గుడుంబాను దెబ్బతీయాలన్న ఆలోచన వ్యతిరేకత వల్ల ఆగిపోగా, ఎక్సైజు శాఖ ధూల్‌పేట మీద దాడులను ముమ్మరం చేసింది. మళ్లీ తయారు చేయబోమని తహసీల్దారు ఎదుట పూచీకత్తు రాయించుకొనే బైండోవర్, మాట తప్పినవారికి పీడీ యాక్టు, మానుకొన్న కుటుంబాలకు 2 లక్షల రూపాయల పునరావాస సాయం, ఈ మూడూ కలిసి కొద్దికాలంలో ఊట కుండలను చాలామటుకు ఖాళీ చేయించాయి.

గుడుంబాకు దారి మూసుకుపోయాక అదే సందుల్లోకి గంజాయి వచ్చింది. 2024లో ఎక్సైజు శాఖ ఆపరేషన్ ధూల్‌పేట పేరుతో ప్రత్యేక దాడులు చేపట్టింది. గుడుంబాకు బెల్లం కావాలి, నీళ్లు కావాలి, కాచే చోటు కావాలి, ఆ చోటు ధూల్‌పేటలోనే ఉండేది; గంజాయి ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో పండి, పొట్లాల్లో చేరి, చిల్లరగా అమ్ముడవుతుంది. కాచే కుటుంబానికి దక్కిన కొద్దిపాటి లాభం కూడా ఈ కొత్త గొలుసులో పైకి జరిగింది. 8(ఇ) కింద కేసు ఎదుర్కొన్న ఇంటి పిల్లలు ఇప్పుడు మాదకద్రవ్యాల చట్టం కింద, వాణిజ్య పరిమాణం దొరికితే పదేళ్లకు తగ్గని శిక్ష పడే కేసుల్లో నిలబడుతున్నారు, సరుకు పంపినవారు మాత్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉంటున్నారు.